వాగొడ్డున కూసునే ఇగురం

బిడ్డా,

మొన్న ఫోన్‌ల నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయిన. "తాతా, దసరాకు వస్తున్న, ఈసారి పొద్దుగాల వాగు కాడ కూసుంట, ఎట్ల కూసోవాల్నో చెప్పు" అన్నవు. పక్కకున్న మీ నాయినమ్మ, కూసునుడు గూడ నేర్పియ్యాల్నా అని నవ్వింది. నేను నవ్వలే. పోయినేడు నువ్వు మెడల అంత పెద్ద కెమెరా ఏసుకొని పోయి, అరగంటల తిరిగొచ్చి, "ఏం లేదు తాతా, రెండు కొంగలుండె, అవి గూడ లేసిపోయినయి" అన్ననాడే అనుకున్న, ఇది నేర్పియ్యాల్సిన పనే అని. ఫోన్‌ల చెప్తే సగం గాలికి పోతది. అందుకే రాస్తున్న. 31 ఏండ్లు మందికి వచ్చిన ఉత్తరాలు మోసిన, నేను రాసినయి మాత్రం చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేనేం పిట్టల పండితుణ్ని కాదు. నాకు ఈ అలవాటు అయ్యింది బలవంతాన. అప్పుడు మన వాగు మీద బ్రిడ్జి లేదు. పొద్దున్నే టపా సంచి తెచ్చుకోవాల్నంటే వాగు దాటాలె, మళ్ల దాటి రావాలె. మొదటి ఏడు ఒకసారి సంచి నెత్తిన పెట్టుకొని నడుములోతు నీళ్లల్ల దిగిన. కాళ్ల కింది ఇసుక జారిపోతుంటే నేను మొక్కని దేవుడు లేడు. ఆ తర్వాత ఆగుడు నేర్చుకున్న. వాగొస్తే తుమ్మచెట్టు కింద గంట, రెండు గంటలు, ఒక్కోసారి పగటాల దాక. చదువుదామంటే సంచిల ఉన్నయన్నీ పరాయి ఉత్తరాలు. ఇగ చూసుడు తప్ప వేరే పని లేకుండె.

ముందుగాల ఒక్క మాట మనసుల పెట్టుకో. నువ్వు వాగు కాడికి పోయినప్పుడు ఆడ అన్నిటికన్న పెద్ద ముచ్చట నువ్వు వచ్చుడే. తీతువు పిట్ట లేసి ఒడ్డు పొడుగునా చాటింపు ఏస్తది. కొంగ మెడ నిటారుగ పెడ్తది. కప్పలు ఒకదాని ఎనుక ఒకటి నీళ్లల్ల దుంకుతయి, ఎండ్రికాయ బొక్కల దూరుతది. ఆ గడియల నీకు కనపడేది బెదిరిన వాగు. దాన్ని చూసే, ఏం లేదు అని లేసి వచ్చినవు. ఆ బెదురు తగ్గాల్నంటే నా అనుభవంల ఇరవై నిమిషాల నుంచి అరగంట పడ్తది. సరిగ్గ నీ వార్త పాతబడే యాళ్లకు నువ్వు ఇంటి తొవ్వ పట్టినవు.

తీతువు అరిస్తే అపశకునం అని మీ నాయినమ్మ గడప దాటనియ్యదు గద. నాకైతే అది గడియారం. దాని అరుపు ఆగి, అది మళ్ల ఇసుక మీద దిగి, నాలుగడుగులు ఉరికి, వంగి పురుగు ఏరుకున్నదంటే నిన్ను లెక్కల నుంచి తీసేసింది అన్నట్టు. నీ పొద్దు అప్పుడు మొదలయితది.

దసరా రోజులు దీనికి మంచియి. ఉత్తర చూసి ఎత్తర గంప అంటరు; ఆ ఉత్తర కార్తె దాటి హస్త, చిత్త నడుస్తుంటయి. వానకాలపు ఎర్రనీళ్లు తేరుకొని, అడుగున ఇసుకా, దాని మీద పరక చేపపిల్లల నీడలూ కనపడ్తయి. వాగు పొడుగునా రెల్లు తెల్లగ పూస్తది, గెట్ల పొంటి గునుగు, తంగేడు. రాత్రి గాలి చల్లబడ్తది గని నీళ్లు పగటి వేడిని జల్ది ఇడువయి, అందుకే తెల్లారకముందు వాగు మీద సన్నగ పొగ లేస్తది. పొద్దు జర ఎక్కితే ఆ పొగ ఉండది. ఇంకొన్ని నెలలు ఆగి వస్తనంటే మన వాగు ఆగదు. సంక్రాంతి దాటితే మడుగులు మడుగులు తెగిపోతది, ఆ ఎనుక ఇసుకే.

ఇంకో కారణం, ఉత్తరాది చుట్టాలు. సన్నపాటి పిట్ట, బూడిద, తెలుపు, నలుపు కలిసి ఉంటది, నిలబడ్డ కాడ తోక ఎత్తుడు, దించుడు. మనోళ్లు తోకాడించే పిట్ట అంటరు. హిమాలయాల దిక్కు నుంచి, వాటి అవతలి చలిదేశాల నుంచి సెప్టెంబరు, అక్టోబరుల దిగుతది, ఎండలు ముదరకముందే మర్లిపోతది. నేను దానికి టపా పిట్ట అని పేరు పెట్టుకున్న, రాకపోకల్ల నాకంటె నమ్మకస్తురాలు. అయితే దానికి ఇక్కడ ఒక అన్న ఉన్నడు, జర పెద్దగ, మీదంత నల్లగ, కన్ను మీద తెల్లటి కనుబొమ్మ. ఆయన ఏడాదంత ఈడనే ఉంటడు. ఆయన్ని చూసి చుట్టాలొచ్చిన్రని మోసపోకు.

ఇగ పొయ్యే తొవ్వ. ఇది మాత్రం తాత చాదస్తం అనుకోకుండ చదువు. పొద్దు పొడుపు ఆ రోజుల్ల ఆరు దాటి కొన్ని నిమిషాలకు. నువ్వు 5:30కల్లా ఆడ కూసొని ఉండాలె. అంటే చీకట్లనే నడక. బండ్ల తొవ్వ ఇడిచిపెట్టి చెల్కల్ల అడ్డం పడకు, ఎంత దగ్గరైనా సరే. అడవి పందులు పంట పాడు చేస్తున్నయని కొందరు చుట్టూ తీగ కట్టి రాత్రిపూట కరెంటు ఇడుస్తున్నరు. అది నేరం. అయినా ఇడుస్తున్నరు. పందులే కాదు, మనుషులు గూడ దానికి పోయిన్రు. తెల్లారి రైతు వచ్చి తీగ తీసేదాక ఏ గెట్టూ దాటొద్దు.

రెండోది, ఇసుక ట్రాక్టర్లు తోడిన గుంతలు. పైకి మోకాలులోతు నీళ్లు కనపడ్తయి, ఒక్క అడుగు అవతల ఇద్దరు మనుషుల లోతు. నీళ్లల్ల దిగకు, ఒడ్డు అంచున గూడ నిలబడకు, కింద తొలిచి ఉంటది. ఎగువన వాన పడితే మన మీద చినుకు లేకున్నా వాగొస్తది. నీళ్లు మళ్ల ఎర్రబడి, నురుగు, పుల్లలు కొట్టుకొస్తున్నయంటే సంచి సర్దుకునుడు గూడ వద్దు, గడ్డెక్కు.

పాముల ముచ్చట. నీళ్లల్ల తల ఎత్తి ఈదేది చాలామట్టుకు నీరుకట్టె, దానికి విషం లేదు. గట్టు మీది గడ్డిల రక్తపింజర ఉండొచ్చు. అందుకే బూట్లు, టార్చి, చేతిల కట్టె. కట్టె నేల మీద తట్టుకుంట పో, వాగు ఇంకా యాభై అడుగులు ఉన్నదనంగ తట్టుడు ఆపు. ఒకవేళ కరిస్తే కోసుడు, కట్టుడు, మంత్రగాడు ఏదీ వద్దు, కాలు కదలకుండ బండి మీద పెద్దాసుపత్రికే. 31 ఏండ్లల్ల నాకు ఆ గతి పట్టలే, నీకూ పట్టది, పైలంగ ఉంటె చాలు.

అంగి మట్టి రంగుదో, ఎండుగడ్డి రంగుదో ఏసుకో. తెల్లటిది వద్దు. నాకు సర్కారు ఖాకీ అంగి ఇచ్చింది టపా కోసమే గని, దాని అసలు ఫాయిదా వాగు కాడ తెలిసింది. సెంటు కొట్టుకోకు. కూసునేటందుకు గోనెసంచి తీస్కపో, నేల మంచుకు తడిసి ఉంటది. తినేటందుకు చిప్స్ ప్యాకెట్ కాదు, ఆ సప్పుడుకు అవతలొడ్డు దాక ఖాళీ అయితది. రెండు సీతాఫలాలు తీస్కపో. బాలానగర్ కాయ పేరు దేశమంత ఉన్నది గని, నాకైతే మన గుట్ట మీది చిన్నకాయే తీపి. గింజలు ఊస్తే సప్పుడు కాదు, తిన్నంత సేపు కదలవు.

కూసునే జాగా చెప్త. బ్రిడ్జి నుంచి కిందికి పోతే వాగు వంక తిరిగేకాడ తూర్పొడ్డున ముసలి తుమ్మ ఉన్నది. దాని మొద్దుకు ఈపు ఆనించి కూసో. పొద్దు నీ ఎనుక నుంచి వస్తది, అవతలొడ్డు మీద ఎలుగు పడ్తది, నువ్వు నీడల ఉంటవు. పడమటొడ్డున కూసుంటే కండ్లల్ల ఎండ కొట్టి పిట్టలన్నీ నల్లటి మచ్చలే. నీ ఎనుక చెట్టు ఉంటె నీ ఆకారం ఆకాశం మీద గీసినట్టు కనపడది. అంతే, లేచి జాగా మార్చకు. అటు పోతే బాగుంటదేమో, మలుపు అవతల ఏమున్నదో అనిపిస్తది, అది సహజం. పది జాగల పది నిమిషాలు కూసున్నోనికి పది బెదిరిన వాగులు కనపడ్తయి.

మొదటి అరగంట కండ్లతోని పని లేదు, చీకటే గద. రెండు అరచేతులు చెవుల ఎనుక దొప్పల లెక్క పెట్టుకొని విను. తేడా చూసి నువ్వే ఆశ్చర్యపోతవు. అవతలి ఊరి కోడి, మోటరు కాడి నీళ్ల సప్పుడు, తాటిచెట్టు మీద ఎండుమట్ట రాసుకునుడు, అన్నీ విడివిడిగ వస్తయి. పిట్టలు అన్నీ ఒక్కసారి లేవయి. ఎవరు ఎవరి తర్వాత కూస్తున్నరో మూడు రోజులు వింటె వరుస పట్టుకుంటవు. నేను చెప్ప, నువ్వే పట్టుకో.

ఎలుగు వచ్చినంక ఒక్క దిక్కే గుడ్లప్పగించి చూడకు. ఎదురుంగ ఉన్నదంత ఒక్కసారి కండ్లల్ల పడనియ్యి. ఏదన్నా కదిలితే కన్ను దానంతట అదే పోతది. ముందుగాల గుడ్డి కొంగ దొరుకుతది. మట్టి రంగుల, మట్టి మీద, మెడ భుజాలల్లకు గుంజుకొని కూసుంటది, రాయి అనుకుంటవు. దాని పక్కకు పోయేదాక లేవది, అందుకే కండ్లు కనపడవనుకొని ఆ పేరు పెట్టిన్రు. లేసిందంటే తెల్లటి రెక్కలు! ఈ మట్టిముద్దల ఇంత తెలుపు ఏడ దాసుకున్నదా అనిపిస్తది. పాలపిట్ట గూడ అదే తీరు. కరెంటు తీగ మీద కూసుంటే మామూలు గోధుమరంగు పిట్ట, ఎగిరితే నీలం మంట. 2014ల మన రాష్ట్ర పక్షి అయ్యింది. దసరానాడు చూస్తే మంచిదని పంజరంల పెట్టి చూపించి పైసలు అడుగుతరు. వాళ్లకు రూపాయి ఇయ్యకు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుడే తప్పు. పంజరంల అది కూసునే ఉంటది, అంటే నువ్వు చూసేది ఆ గోధుమరంగే. తీగ కింద ఓపికగ ఆగితే ఉత్తగనే నీలం చూపిస్తది.

తెల్లకొంగల్ల చిన్నదాన్ని చూడు, నల్లటి కాళ్లకు పసుపు పాదాలు, మేజోళ్లు తొడిగినట్టు. ఒక కాలు ముందుకు పెట్టి బురదల వణికిస్తది. లోపల దాక్కున్న చేపపిల్ల బెదిరి కదిలితే పొడుస్తది. లకుముకి అట్ల కాదు, వంగిన తుమ్మకొమ్మ మీద కూసొని తల మాత్రం కిందికీ మీదికీ ఆడిస్తది, దూరం కొల్చుకున్నట్టు. నీళ్లల్ల పడి లేసిందా, చేపను కొమ్మకేసి కొడ్తది. ఒకటి, రెండు, మూడు. తల దిక్కు ముందుగాల పెట్టి మింగుతది, లేకపోతే చేప రెక్కల ముండ్లు గొంతుకు అడ్డం పడ్తయి. నల్లతెల్ల లకుముకి ఇంకో రకం, దానికి కొమ్మ అక్కరలేదు, నీళ్ల మీద గాలిలనే నిలబడి రెక్కలు కొట్టుకుంట చూస్తది. ఎన్నిసార్లు దుంకి ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టు. నేను ఒకనాడు లెక్కపెట్టిన, తొమ్మిదిట్ల రెండు. ఆ రోజు నా సంచిల కొలువు రాలేదని చెప్పే ఉత్తరం ఒకటి ఉండె. ఇచ్చేటప్పుడు ఆ పిలగానికి ఈ లెక్క చెప్పిన. వానికి కోపమొచ్చింది.

నీళ్లు నిలిచిన మడుగుల ఎర్రగ చిన్నచిన్న పిల్లలు గుంపుగ పైకి వచ్చి, నీళ్లు మరిగినట్టు చేస్తే అవి కొరమీను పిల్లలు. గాలి పీల్చుకునేటందుకు వస్తయి. కింద తల్లో, తండ్రో కాపలా ఉంటది. మామూలుగ వానకాలంలనే కనపడ్తయి, ఈ రోజుల్ల కనపడితే నీ అదృష్టం. ఎవరికీ చెప్పకు, గాలం పట్టుకొని వస్తరు.

ఎండ జర ఏటవాలుగ ఉన్నప్పుడే ఇసుక చూడాలె. నెత్తిమీది ఎండల అడుగులు కనపడయి, పక్క ఎండల ప్రతి అడుగుకూ నీడ ఉంటది. రాత్రి ఎవరెవరు దూప తీర్చుకున్నరో రాసి ఉంటది. నెమలి మూడువేళ్లు, ముంగిస ఉరికిన వరుస, పంది గిట్టలు, పాము పోయిన గీత. అడ్రసు చదివినట్టు చదువొచ్చు. బర్లు దిగే లోపల చదువు, ఏడున్నరకు దిగుతయి, ఆ తర్వాత అంత చెరిగిపోతది. బర్లు వచ్చినయని చిరాకు పడకు, అవి వస్తే ఎనుకనే కొంగలు మళ్ల వస్తయి.

పసుపురంగు తూనీగలు చెల్కల మీద గుంపులుగ ఎగురుతుంటే ఒక్క నిమిషం మర్యాదగ చూడు. వాటిల్ల ఒక జాతి ఈ నెలల్లనే గాలి చూసుకొని సముద్రం మీదికి ఎక్కుతదట, మాల్దీవుల మీదుగ తూర్పు ఆఫ్రికా దాక. శాస్త్రజ్ఞులు చెప్పే మాట ఇది. చిన్నప్పుడు మేము వాటి తోకకు దారం కట్టి ఆడుకున్నం.

కట్టుడు అంటె ఇంకోటి యాదికొచ్చింది. ఈతచెట్లకు గిజిగాని గూళ్లు ఏలాడుతుంటయి. వానకాలంల మొగోడు సగం కడ్తడు, ఆడది వచ్చి చూసి, నచ్చితేనే కింది గొట్టం పూర్తి చేస్తడు. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లనే. చెట్టుకు టోపీల లెక్క ఏలాడేటివన్నీ తిరస్కారాలే. మీ నాన్న ఆరేండ్లప్పుడు నాకు గూడు కావాలె అని ఏడ్చిండు. దసరా దాటింది, ఖాళీగనే ఉంటయిలే అని పెద్దగొట్టం ఉన్నదొకటి కొడవలితోని కోసిన. లోపల మూడు పిల్లలు, ఇంకా ఈకలు రాలే. మళ్ల కట్టాలని చూసిన, తాడుతోని, తీగతోని. తల్లి చుట్టూ తిరిగింది గని లోపలికి పోలే. మీ నాన్నకు ఇది యాదిలేదు. నాకున్నది. అందుకే చెప్తున్న, ఖాళీ అనుకున్నదాన్ని గూడ ముట్టకు. సాలెగూడు మీద మంచు ముత్యాలు ఉన్నయని ఫొటోకు కొమ్మ వంచకు.

ఫొటో అంటే, కెమెరా మొదటి మూడు రోజులు ఇంట్లనే పెట్టు. కోపం తెచ్చుకోకు. కెమెరా చేతిల ఉంటె కన్ను అది పట్టగలిగినదాన్నే ఎతుకుతది, మిగిలింది వదిలేస్తది. ఫోన్ బంద్ చెయ్యి. పిట్ట కూత ఇనిపిచ్చి పిలిచే యాప్‌లు ఉన్నయట, అది దగా. ఇంకో మొగపిట్ట తన జాగల దిగిందనుకొని అది తిండి మానేసి ఉరికొస్తది, నీకు ఫొటో వస్తది, దానికి ఒక పొద్దు పోతది.

ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిల్ చాలు. పెన్నైతే మంచుకు అలుకుతది. తారీఖు, గాలి, మబ్బు, నీళ్లు ఏ రాయి దాక ఉన్నయి, ఇవి ముందు రాయి. పేరు తెలియకపోతే పేరు రాయకు, ఏం చేసిందో రాయి. 1931-32ల పిట్టల పండితుడు సాలిం అలీ హైదరాబాద్ సంస్థానమంత పిట్టల సర్వే చేసుకుంట మన అమ్రాబాద్ గుట్టల దిక్కు గూడ తిరిగిండు. ఆయన ఏ జాగల ఏ నాడు ఏం చూసిండో రాసిపెట్టబట్టే ఇన్నేండ్లకు ఎవరన్నా పోయి పోల్చి చూడొచ్చు. నీ పుస్తకం ఎవరు చదువుతరు అంటవా? నేను చదువుత. నా దగ్గర 1984 నుంచి పోస్టాఫీసు పాత ఫారాల ఎనుక రాసుకున్న కట్ట ఉన్నది, సగం చెదలు తిన్నది. టపా పిట్ట ఏ ఏడు ఏ తారీఖు దిగిందో మిగిలిన సగంల చూసుకోవచ్చు.

ఒక్క రోజుకే అన్నీ కనపడ్తయని రాకు. మొదటి రోజు నిద్రొస్తది, కాలు తిమ్మిరెక్కుతది, దోమలు. రెండో రోజు అయిపోయిందా అని గడియారం చూస్తవు. మూడో రోజు ఎప్పుడో ఒకసారి తీతువు నీ ముంగట నుంచి నడుచుకుంట పోతది, నీ దిక్కు చూడకుండ. అప్పుడు ఊపిరి బిగబట్టకు, మామూలుగ ఉండు.

సద్దుల బతుకమ్మ తెల్లారి మాత్రం తప్పకుండ పో. రాత్రి ఆడోళ్లు ఇడిచిన పూలన్నీ ఆ వంక కాడికే కొట్టుకొచ్చి ఆగుతయి. గునుగు, తంగేడు, బంతి, నీళ్ల మీద పరిచినట్టు. పరకలు కింది నుంచి పొడుస్తుంటే పూలు ఉత్తగనే ఊగుతయి. నేను నీతోని రాను. ఇద్దరుంటే మాట్లాడబుద్ధయితది, నాకు మరీ.

ఇంకొకటి. మన కుక్క నిన్ను ఇడువది, గేటు దుంకి ఎంట వస్తది, పోయినేడు ఆ రెండు కొంగల్ని లేపింది అదే. దాన్ని నేను రాత్రే దొడ్ల కట్టేస్త. అరిస్తే పట్టించుకోకు, ఎనుకకు తిరిగి చూడకుండ పో.

మీ తాత